సీనియర్ బిహేవియర్ అనలిస్ట్‌గా మొదటి ఏడాది: గుంటూరు ఇళ్లలో నేర్చుకున్న పని

జూన్‌లో మా ఆటిజం థెరపీ సెంటర్‌లో ఒక అమ్మాయికి సీనియర్ బిహేవియర్ అనలిస్ట్‌గా బాధ్యత ఇచ్చాం. అంటే పిల్లల ప్రవర్తనకు కారణం కనిపెట్టి, ప్లాన్ రాసి, జూనియర్ థెరపిస్టుల చేత చేయించే పని. నాలుగేళ్లు థెరపిస్ట్‌గా చేసింది. తనను చూస్తే పిల్లలు గేటు దగ్గరి నుంచే పరుగెత్తుకొస్తారు. మొదటి సోమవారం పొద్దున్నే నా టేబుల్ దగ్గర నిలబడి, "మేడమ్, ఇప్పుడు నేను రోజంతా ఏం చేయాలి?" అని అడిగింది. తన చేతిలో పిల్లలు లేరు. 12 ఫైళ్లు ఉన్నాయి, నలుగురు జూనియర్లు ఉన్నారు. ఆ రోజు ఫోన్లు మోగుతుంటే సగమే చెప్పగలిగాను. మిగతా సగంతో కలిపి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. తనలాగే కొత్తగా ఈ కుర్చీలో కూర్చున్న మరికొందరికి కూడా పనికొస్తుందని ఆశ.

నేను గుంటూరులో ఆటిజం ఉన్న పిల్లలతో 13 ఏళ్లుగా పనిచేస్తున్నాను. తెనాలి, పొన్నూరు, సత్తెనపల్లి నుంచి తల్లులు బస్సుల్లో వస్తారు. ఒక చేత్తో పిల్లవాణ్ణి, ఇంకో చేత్తో సంచిని పట్టుకుని బస్టాండ్ నుంచి ఆటో ఎక్కి బ్రాడీపేట చేరేసరికి వాళ్ల ఓపిక సగం అయిపోతుంది. అంత దూరం వచ్చేది 45 నిమిషాల సెషన్ కోసం. వారం మొత్తం లెక్కేస్తే పిల్లవాడు మా దగ్గర ఉండేది మహా అయితే ఐదు గంటలు. మెలకువగా ఉండే మిగతా 90 గంటలూ ఇంట్లో, బడిలో, ఆటోలో, చుట్టాల ఇళ్లలో గడుస్తాయి. ఆ ఐదు గంటలు థెరపిస్ట్ చూసుకుంటుంది. సీనియర్ ఆ 90 గంటల మనిషి. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే రోజంతా ఏం చేయాలో దానంతటదే తెలుస్తుంది.

ముందు ఒంటి సంగతి

కొత్తగా తల బాదుకుంటున్నాడనో, ఉన్నట్టుండి కొట్టడం ఎక్కువైందనో కబురొస్తే వెంటనే ప్రవర్తన లెక్క రాసే డేటా షీట్ తీయకండి. ముందు పిల్లల డాక్టర్ దగ్గరకు పంపండి. చెవి, పన్ను, కడుపు, నిద్ర ఈ నాలుగూ చూపించమనండి. నొప్పి ఉందని చెప్పలేని పిల్లలు నొప్పిని ఇలాగే చూపిస్తారు.

ఇది నేను పుస్తకంలో చదివాను, అయినా ఒకసారి మర్చిపోయాను. ఈ పనిలో నాకు అది మూడో ఏడు. ఆరేళ్ల పాప తలను గోడకేసి కొట్టుకునేది. అలా కొట్టుకున్నప్పుడల్లా ఇంట్లో అందరూ పరుగెత్తుకొస్తున్నారు కాబట్టి "అటెన్షన్ కోసం" అని రాశాను. దిండు అడ్డం పెట్టండి, మాట్లాడకండి, ముఖం చూడకండి అని చెప్పాను. వాళ్లు నా మాట మీద నమ్మకంతో 11 రోజులు అలాగే చేశారు. 12వ రోజు పళ్లు తోమిస్తూ వాళ్ల అమ్మమ్మ చూసింది: వెనక దవడ పన్ను పుచ్చిపోయి చిగురు వాచి ఉంది. పన్ను తీయించిన వారానికి తల కొట్టుకోవడం ఆగిపోయింది. ఆ బిడ్డ నొప్పితో తల్లిని పిలుస్తుంటే ముఖం తిప్పుకోమని చెప్పింది నేనే. ఇది నేను మర్చిపోలేదు, మర్చిపోకూడదు కూడా.

అప్పటి నుంచి మా ఫైల్ మొదటి పేజీలో డాక్టర్‌కు చూపించిన తేదీ రాయడానికి ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే ప్రవర్తన గురించి ప్లాన్ రాయడానికి వీల్లేదు. చివరిసారి విరేచనం ఎప్పుడైంది, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడు, మందులేమైనా మార్చారా అన్నవి కూడా ఆ పేజీలోనే అడుగుతాం. మలబద్ధకం ఉన్న పిల్లవాడి చేత బ్లాకులు పేర్పించి ప్రయోజనం లేదు.

వంటింటి గడప దగ్గర కూర్చుని లెక్కపెట్టండి

ఏబీఏ (అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, ప్రవర్తనకు కారణం చూసి మార్పు తెచ్చే మన శాస్త్రం) చదివిన వాళ్లందరికీ ప్రవర్తన వెనక ఉండే నాలుగు కారణాలు నోటికొస్తాయి. ఎవరైనా తన వైపు చూడాలని, కావాల్సింది దొరకాలని, వద్దనుకున్నది తప్పించుకోవాలని, ఆ పని ఒంటికి బాగుంటుందని. తమను తాము గాయపరచుకునే పిల్లల మీద 1982లో అమెరికా పరిశోధకుడు బ్రయాన్ ఇవాటా బృందం చేసిన పని మనకు నేర్పింది ఇదే: చూడటానికి ఒకేలా ఉన్న ప్రవర్తనకు ఒక్కో పిల్లవాడి దగ్గర ఒక్కో కారణం ఉండవచ్చు. కాబట్టి ఊహించకూడదు, చూసి తేల్చుకోవాలి. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. కానీ ఎక్కడ కూర్చుని చూస్తున్నామన్న దగ్గరే తేడా వస్తుంది.

కొరిటెపాడులో మేడ మీద రెండు గదుల ఇల్లు. ఐదేళ్ల బాబు, ఇక్కడ చిన్ను అంటాను. అసలు పేరు అది కాదు. మాటలు లేవు. భోజనం దగ్గర తన మణికట్టు కొరుక్కుంటాడు. అక్కడ చర్మం మోటుబారి కాయ కట్టింది. మా జూనియర్ షీట్‌లో కారణం అన్న గడిలో "మొండితనం" అని రాసింది. మొండితనం కారణం కాదమ్మా, మన విసుగుకు మనం పెట్టుకున్న పేరు అని చెప్పి ఆ గడి కొట్టేయించాను. తర్వాత మూడు రోజులు వరుసగా రాత్రి భోజనం వేళకు నేనే వెళ్లాను.

వంటింటి గడప పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. చేతిలో నోట్‌బుక్, పెన్ను పెట్టుకోలేదు. అవి చూస్తే పెద్దవాళ్లు సర్దుకుని కూర్చుంటారు, రోజూ జరిగేది అప్పుడు జరగదు. హ్యాండ్‌బ్యాగ్‌లో ఒక అరలో చింతపిక్కలు పోసుకుని వెళ్లాను. చిన్ను కొరుక్కున్నప్పుడల్లా ఒక పిక్కను పక్క అరలోకి వేసేదాన్ని. అంతకు ముందు క్షణం ఏం జరిగింది, వెంటనే ఏం జరిగింది అన్నది మనసులో పెట్టుకుని, కిందికి దిగాక ఆటోలో రాసుకునేదాన్ని.

తినిపించేది మామ్మగారు. అన్నం, ముద్దపప్పు, నెయ్యి, కాస్త గోంగూర మెత్తగా పిసికి, ముద్ద చేసి, "ఇది చందమామకు, ఇది నీకు" అంటూ నోటి దగ్గరకు తెస్తారు. ఆ తడి ముద్ద పెదవికి ఆనీ ఆనకముందే చిన్ను మణికట్టు నోట్లోకి వెళ్లిపోతుంది. మామ్మగారు గభాలున చెయ్యి వెనక్కి తీసుకుంటారు. "అయ్యో అయ్యో, సరేలే నాన్నా, సరేలే." కొరకడం ఆగుతుంది. మళ్లీ ముద్ద, మళ్లీ కొరకడం.

మూడు రాత్రులకు 31 పిక్కలు పక్క అరలోకి చేరాయి. అందులో 24 సార్లు ముద్ద నోటి దగ్గరకు వచ్చినప్పుడే. అప్పడం, జంతికలు, ఉడికించిన గుడ్డు తినేటప్పుడు ఒక్కసారి కూడా కొరుక్కోలేదు. అంటే తిండి మీద అయిష్టం లేదు, మామ్మ మీదా లేదు. తడిగా, జారుగా పెదవులకు అంటుకునే ఆ ముద్ద వాడు భరించలేకపోతున్నాడు. ఆ చెయ్యిని ఆపడానికి వాడికి తెలిసిన దారి మణికట్టు కొరుక్కోవడం ఒక్కటే.

ఇలాంటి చోట ఏం చేయాలో 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డురాండ్ అనే పరిశోధకులు చూపించారు. ప్రవర్తనతో ఏం సాధిస్తున్నాడో అదే ఫలితం ఇంకా తేలిగ్గా దొరికే మాట ఒకటి నేర్పాలి. చిన్నుకు మాట లేదు కాబట్టి కార్డు చేశాం. ఇంట్లో ఉన్న పాత శుభలేఖ అట్ట కత్తిరించి, దాని మీద ఎర్ర స్కెచ్‌తో అరచెయ్యి బొమ్మ గీసి కంచం పక్కన పెట్టాం. ముద్ద వస్తుండగా వాడి చెయ్యి పైకి లేవబోయేటప్పుడు, నోటి దాకా వెళ్లకముందే, వెనక కూర్చున్న తల్లి ఆ చెయ్యిని మెల్లగా కార్డు మీదకు తీసుకెళ్లాలి. కార్డు తగలగానే మామ్మగారు "సరే, ఆగుదాం" అని చెయ్యి తీసేసి పది అంకెలు లెక్కపెట్టాలి. అన్నం, పప్పు కలపకుండా కంచంలో వేరువేరుగా పెట్టాలి. ముందు పొడి అన్నం మెతుకులు, పక్కన అప్పడం.

ఇక్కడ మీకు అసలు పని మొదలవుతుంది. ప్లాన్ రాయడానికి నాకు అరగంట పట్టింది. మామ్మగారిని ఒప్పించడానికి రెండు సాయంత్రాలు పట్టాయి. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని, "నా చేత్తో తినకూడదని రాస్తున్నావా అమ్మాయ్?" అన్నారు. "మీ చేత్తోనే తినాలి మామ్మగారూ. వద్దంటే మీ చెయ్యి ఆగుతుందని వాడికి తెలిస్తే చాలు" అన్నాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కార్డు తీసుకుని కొంగుతో తుడిచి కంచం పక్కన పెట్టుకున్నారు.

మొదటి రాత్రి చిన్ను 26 సార్లు కార్డు తట్టాడు. నాలుగు మెతుకులు తిన్నాడు. ఇలా అవుతుందని ముందే చెప్పి ఉంచాం కాబట్టి పూరీ, గుడ్డు సిద్ధంగా పెట్టారు, బరువు పడిపోకుండా చూడటానికి డాక్టర్‌తో ముందే మాట్లాడుకున్నాం. అడిగిన ప్రతిసారీ ఆపడం మీద వాడికి నమ్మకం కుదిరిందని పదో రోజుకు అనిపించింది. అప్పటి నుంచి మెల్లగా, ఒక మెతుకు తింటే ఆగుదాం, రెండు తింటే ఆగుదాం అని పెంచుకుంటూ వచ్చాం. ఆరో వారానికి కొరుక్కోవడం వారానికి ఒకటి, రెండు సార్లకు దిగింది. పప్పు కలిపిన అన్నం వాడు ఇప్పటికీ తినడు. తినకపోతే ఏం? పప్పు వేరేగా చెంచాతో తాగుతాడు.

అందుకే కొత్త కేసు వస్తే కనీసం మూడుసార్లు, కష్టం జరిగే వేళకే ఆ ఇంటికి వెళ్లండి. పొద్దున స్నానం దగ్గర గొడవైతే పొద్దున ఏడింటికి వెళ్లాలి. మధ్యాహ్నం తీరిగ్గా వెళ్లి కాఫీ తాగి వస్తే మనకు తెలిసేది ఏమీ ఉండదు.

ఘాటు

ఇంకొక ఇంటి సంగతి. నాలుగేళ్ల పాప. తండ్రి మిర్చి యార్డులో కాటా దగ్గర పని చేస్తాడు. సీజన్‌లో, ఫిబ్రవరి నుంచి, రాత్రి ఆయన ఇంటికి రాగానే పాప కెవ్వుమని అరిచి మంచం కిందకు దూరేది. ఇంట్లో అందరూ "దానికి నాన్నంటే పడదు" అని తేల్చేశారు. ఆయన బిడ్డను ఎత్తుకోవడం మానేశాడు.

తల్లికి చిన్న కాగితం ఇచ్చి, రోజూ అరిచిందా లేదా, ఆ రోజు యార్డు ఉందా లేదా అన్న రెండు గడులే నింపమన్నాం. రెండు వారాల్లో విషయం కళ్లకు కట్టింది. సెలవు రోజుల్లో ఒక్క అరుపు లేదు. ఆయన చొక్కా నిండా మిరప ధూళి. మనకే దగ్గొచ్చే ఘాటు ఆ బిడ్డకు ఎలా ఉంటుందో ఆలోచించండి. పెరటి కుళాయి దగ్గర స్నానం చేసి, లుంగీ మార్చుకుని, విడిచిన బట్టలు బయటే బకెట్‌లో నానేసి, అప్పుడు లోపలికి రమ్మన్నాం. అంతే ప్లాన్. నాలుగో రోజుకు అరుపులు ఆగాయి. మా సెంటర్‌కు వచ్చి కూర్చుని, "నా బిడ్డకు నేనంటే భయమనుకున్నా మేడమ్" అన్నాడాయన. అంతకు మించి మాట్లాడలేకపోయాడు.

ప్రవర్తనకు ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని రాసే షీట్‌లో వాసనకు, చప్పుడుకు, వెలుతురుకు కూడా ఒక గడి పెట్టండి. మన ఊళ్లో వాసనకు తప్పకుండా పెట్టండి.

తెలుగులో అడగడం నేర్పండి

మనం వాడే అంచనా పుస్తకాలు ఇంగ్లిష్‌లో పుట్టినవి. 2008లో మార్క్ సండ్‌బర్గ్ తెచ్చిన వీబీ-మ్యాప్‌లో 170 మైలురాళ్లు ఉంటాయి. పుట్టుక నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలకు వచ్చే మాట, ఆట, అనుకరణ అన్నీ కొలుస్తుంది. మంచి పనిముట్టే. కానీ దాన్ని మాటకు మాట తెలుగు చేసి అడిగితే పిల్లవాడి తెలివి కాదు, మన అనువాదం ఎంత కష్టంగా ఉందో కొలిచినట్టు అవుతుంది. "టేబుల్ మీద", "టేబుల్ కింద" అనేటప్పుడు మన భాషలో మీద, కింద అన్నవి వెనక వస్తాయి. వచ్చాడు, వచ్చింది అన్న తేడా క్రియలోనే ఉంటుంది. ఏ నైపుణ్యం కోసం ఆ ప్రశ్న పెట్టారో అర్థం చేసుకుని, అదే పని తెలుగులో ఎలా చేస్తామో దాన్ని పరీక్షించండి. కొన్ని సెంటర్లలో ఇంట్లో ఒక్క ఇంగ్లిష్ ముక్క వినని పిల్లవాడికి "గివ్ మీ" అని నేర్పడం చూశాను. ఇంటికెళ్లి వాడు ఎవరిని అడగాలి?

అడగడం నేర్పేటప్పుడు మన భాషలోనే ఉన్న ఒక చిక్కు చెబుతాను, మీరు వెంటనే గుర్తుపడతారు. పిల్లవాడు పాలు కావాలనుకున్నప్పుడు "పాలు కావాలా?" అంటాడు. అచ్చం అమ్మ గొంతుతో, చివర రాగం తీసి. ఎందుకంటే పాలు వచ్చే ముందు వాడు రోజూ వినేది అదే మాట. వాడి లెక్కలో ఆ మాటకు పాలు వస్తాయి. దాన్ని తప్పు అని కొట్టేయకండి. అది అడగడమే, పాలు ఇవ్వండి. మార్చాల్సింది మన మాట. గ్లాసు చూపిస్తూ వాడి తరఫున వాడు అనాల్సిన మాటే మనం అనాలి: "పాలు కావాలి." రాగం తీయకుండా, చిన్నగా. ఇంట్లో అందరూ ఇలా అంటుంటే చాలామంది పిల్లలు కొన్ని నెలల్లో "కావాలి"కి మారడం చూశాను.

ఇంకొకటి. మొదటి మాటగా ఉత్త "కావాలి" నేర్పకండి. అన్నింటికీ అదే అంటాడు, ఏం కావాలో మనకు తెలియదు, తెలియక మనం తప్పు వస్తువు ఇస్తాం, వాడు ఏడుస్తాడు. "పాలు", "ఊయల", "బంతి" ఇలా వస్తువు పేరే ముందు రానివ్వండి. ఊయలకు "ఊ" అన్నా చాలు, వెంటనే ఊపండి. మాట రాని వాళ్లకు బొమ్మల కార్డులు, సైగలు, ట్యాబ్ ఏదైనా సరే. కార్డులు వాడితే ఇక మాట్లాడడేమో అని తల్లిదండ్రులు భయపడతారు. అలా ఏమీ జరగదని, చాలామందికి అవి మాటకు తోడవుతాయని ఓపిగ్గా చెప్పండి.

రెండు భాషలు వింటే ఆలస్యమవుతుందన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. ఆటిజం ఉన్న పిల్లలకు రెండు భాషల వల్ల అదనంగా నష్టం జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. నాయనమ్మతో తెలుగు మానిపించి ఇంట్లో వచ్చీరాని ఇంగ్లిష్ మాట్లాడించిన కుటుంబాలు నాకు తెలుసు. పిల్లవాడికి ఇంగ్లిష్ రాలేదు, నాయనమ్మ దూరమైంది.

జూనియర్లను చూసుకోవడం

మన జూనియర్లు చాలామంది 22, 23 ఏళ్ల అమ్మాయిలు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ, చాలీచాలని జీతానికి, చేతుల మీద గోళ్ల గీతలతో పనిచేస్తారు. వాళ్ల సెషన్‌లోకి వెళ్లి మూల కూర్చుని తప్పులు రాసుకుని బయటికొచ్చాక చదివి వినిపిస్తే వాళ్లు ఏమీ నేర్చుకోరు, మీరొస్తున్నారంటే టెన్షన్ పడటం మాత్రం నేర్చుకుంటారు. ఎలా చేయాలో చెప్పండి, మీరు చేసి చూపించండి, వాళ్ల చేత చేయించండి, ఆ క్షణంలోనే ఏది బాగుందో ఏది మార్చాలో చెప్పండి. ఒక సెషన్‌కు ఒక్క సవరణ చాలు.

వారానికోసారి ఒకే పిల్లవాడు ఒక ప్రవర్తన, కొట్టడం లాంటిది, ఎన్నిసార్లు చేశాడో మీరూ జూనియరూ ఒకే సమయంలో విడివిడిగా లెక్కపెట్టండి. మీకు 10, తనకు 8 వస్తే, చిన్న అంకెను పెద్ద అంకెతో భాగించి నూరుతో గుణించండి, 80 శాతం. అంతకన్నా తగ్గితే జూనియర్‌ను అనకండి. "కొట్టడం" అంటే ఏమిటో మీరిద్దరూ ఒకేలా రాసుకోలేదని అర్థం. చెయ్యి అవతలి మనిషికి తగిలితేనా, గాలిలో విసిరినా లెక్కా? అది ముందు తేల్చండి.

ఒక విషయంలో మాత్రం నేను కఠినంగా ఉంటాను. పిల్లవాడు వద్దన్నప్పుడు బలవంతంగా కూర్చోబెట్టడం, గడ్డం పట్టుకుని "నా కళ్లలోకి చూడు" అనడం, చేతులు ఆడిస్తుంటే పట్టి ఆపడం మా దగ్గర కుదరదు. మన శాస్త్రానికి చీకటి గతం ఉంది. తొలి రోజుల్లో అమెరికాలో పిల్లలను కొట్టారు, కరెంట్ షాక్ కూడా ఇచ్చారు. అలాంటి థెరపీలో పెరిగి పెద్దవాళ్లైన ఆటిజం ఉన్న వ్యక్తులు తమకు ఏం జరిగిందో ఇప్పుడు చెబుతున్నారు. వాళ్ల మాట వినడం మన పనిలో భాగం. చేతులు ఆడించడం వల్ల ఎవరికీ హాని లేదు, వాడికి హాయి ఉంది. దాన్ని తగ్గించే లక్ష్యం ఏ ఫైల్‌లో కనిపించినా తీసేయండి. తల్లిదండ్రులు అడిగినా సరే.

తల్లిదండ్రులు అడిగే మాటలకు

"మాటలు ఎప్పుడొస్తాయి మేడమ్?" ఇది మొదటి రోజే అడుగుతారు. తేదీ చెప్పకండి. ఆరు నెలల్లో మాట్లాడిస్తామని బోర్డు పెట్టిన చోటికి వెళ్లి, మెడలోని గొలుసు అమ్మి డబ్బు కట్టి, ఖాళీ చేతులతో మా దగ్గరకు వచ్చిన వాళ్లను చూశాను. "ఈ మూడు నెలల్లో కావాల్సినవి ఐదు అడిగేలా చేద్దాం, ప్రతి శనివారం లెక్క చూపిస్తాం" అని చెప్పండి. చూపించండి. స్టెమ్ సెల్స్ గురించి అడిగితే అది ఆటిజానికి ఆమోదించిన వైద్యం కాదని నేరుగా చెప్పండి. టీకా వల్ల వచ్చిందా అని తల్లి తనను తాను నిందించుకుంటూ అడుగుతుంది. ఆ మాట పుట్టించిన 1998 నాటి పరిశోధనను ప్రచురించిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుందని చెప్పి, నీ తప్పు లేదమ్మా అని చెప్పండి. ఈ చివరి మాట ఒక్కసారి చెబితే చాలదు.

వారానికి 40 గంటలు థెరపీ కావాలని కూడా ఎక్కడో చదివి వస్తారు. ఆ అంకె 1987లో అమెరికా సైకాలజిస్ట్ ఐవర్ లోవాస్ ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చింది. అది పట్టుకుని కుటుంబాలను అప్పుల్లోకి నెట్టకండి. తల్లి స్నానం చేయిస్తూ, తండ్రి బండి మీద తిప్పుతూ చేయగలిగినవి ఏమిటో చూసి అవి రాసివ్వండి.

పెద్దవాళ్లు "ఒక్కటి వేస్తే దారికొస్తాడు" అంటారు. వాదించకండి. వేసిన రోజు, వేయని రోజు లెక్క వాళ్ల చేతే రాయించండి.

ఏదైనా ప్రవర్తనకు ఇంతకు ముందు దొరికిన ఫలితం ఆపేస్తున్నప్పుడు, అది తగ్గే ముందు పెరగవచ్చు. అరిస్తే ఫోన్ ఇచ్చే ఇంట్లో ఫోన్ ఇవ్వడం ఆపితే మొదటి మూడు నాలుగు రోజులు ఇల్లు దద్దరిల్లవచ్చు. ఆ రోజుల్లో పెళ్లో, పరీక్షలో, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోవడమో ఉంటే మొదలుపెట్టకండి. మధ్యలో లొంగిపోతే పిల్లవాడికి "ఇంకా గట్టిగా అరవాలి" అని నేర్పినట్టే. మొదలుపెట్టే ముందు కింద పోర్షన్ వాళ్లతో కూడా ఒక మాట చెప్పమనండి. మేం ఆ ఇళ్లకు ఒక చిన్న కాగితం రాసిస్తాం, "వారం రోజులు చప్పుడుంటుంది, దయచేసి సహకరించండి" అని. మన అపార్ట్‌మెంట్లలో చాలా ప్లాన్లు పక్కింటి వాళ్లు తలుపు కొట్టినప్పుడే ఆగిపోతాయి.

కాగితాలు, బడి

తల్లిదండ్రులకు తెలియనివి మీరు తెలుసుకుని ఉండండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. సర్టిఫికెట్ కోసం ఐఎస్ఏఏ అనే 40 అంశాల స్కేల్ మీద అంచనా వేస్తారు, 70 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆటిజం కింద లెక్క. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా గురించి చెప్పండి. నిరామయలో ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ ఉంటుంది, అందులో థెరపీకీ కొంత వస్తుంది. ప్రైవేట్ ఫీజు కట్టలేని వాళ్లను ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం మండలంలో నడిపే భవిత కేంద్రానికి పంపండి, అక్కడి టీచర్‌తో మీరే ఫోన్‌లో మాట్లాడండి.

బడికి వెళ్తే 45 మంది పిల్లలున్న టీచర్ చేతిలో పది పేజీల ప్లాన్ పెట్టకండి. ఒక్కటే అడగండి. కిటికీ పక్క నుంచి గోడ పక్కకు సీటు మార్చమనో, బెల్ కొట్టే ముందు ఒక్క మాట చెప్పమనో. అది జరిగి టీచర్‌కే సుఖం కనిపించాక రెండోది అడగండి.

మీ సొంత అర్హత విషయంలో కూడా నిజాయితీగా ఉండాలి. బిహేవియర్ అనలిస్ట్‌లకు సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా సంస్థ బీఏసీబీ 2023 జనవరి నుంచి మన దేశంలో ఉండేవాళ్ల నుంచి కొత్తగా దరఖాస్తులు తీసుకోవడం ఆపేసింది. ఇప్పుడు మనవాళ్లు క్యూఏబీఏ, ఐబీఏఓ అనే వేరే సంస్థల పరీక్షలు రాస్తున్నారు. ఇక్కడ చట్టపరంగా నమోదు కావాలంటే స్పెషల్ ఎడ్యుకేషన్, క్లినికల్ సైకాలజీ వంటి కోర్సులు చేసి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నంబర్ తెచ్చుకోవాలి. ఆ పరీక్షల సర్టిఫికెట్, ఈ నంబర్ రెండూ వేరు వేరు. మీ దగ్గర ఏది ఉంటే అదే బోర్డు మీద రాయండి. డాక్టర్ కాకుండా డాక్టర్ అనిపించుకోకండి, ఎవరైనా అలా పిలిస్తే సరిదిద్దండి.

వదిలి రావడం

ఇంటి విజిట్లు మొదలుపెట్టిన రోజే ఎప్పుడు ఆపుతామో రాసి పెట్టుకోండి. నేను ముందు వారానికోసారి, తర్వాత పదిహేను రోజులకోసారి, ఆ తర్వాత నెలకోసారి వెళ్తాను. ఆపేశాక ఒకటో నెల, మూడో నెల, ఆరో నెలలో ఫోన్ చేసి మూడే ప్రశ్నలు అడుగుతాను: ఈ వారం ఎన్నిసార్లు జరిగింది, కార్డు ఎవరు వాడుతున్నారు, కొత్తగా ఏం అడుగుతున్నాడు. "బాగున్నాడు మేడమ్" అనే జవాబు దగ్గర ఆగకండి, అంకె అడగండి.

ఫైల్ కాపీ ఒకటి వాళ్లకు తెలుగులో రాసి ఇవ్వండి. మొదటి పేజీలో మన సెంటర్ పేరు కాదు, పిల్లవాడికి ఏది ఇష్టం, ఏది భరించలేడు, ఆపమని ఎలా చెబుతాడు అన్నవి పెద్ద అక్షరాల్లో ఉండాలి. రేపు కొత్త బడిలో చేరినా, ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చినా ఆ పేజీ వాళ్ల చేతిలో ఉంటుంది. చిన్ను ఫైల్‌లో మొదటి పేజీకి ఆ శుభలేఖ కార్డు ఫొటో అంటించాం. కింద మామ్మగారు తన చేత్తో రాశారు: "ఇది తాకితే ముద్ద ఆపాలి."